వెన్నెల రాసినాయన వ్యానెక్కిన రోజు

వీధిలో వ్యాను ఆగింది. అందులోంచి దిగినవాణ్ని కిటికీలోంచి చూసి రచయిత గబుక్కున పరదా లాగేశాడు.

"ఎవరు?" అంది భార్య, మిషను ఆపకుండానే.

"మా బాబాయి కొడుకు. నేను లేనని చెప్పు."

"పరదా ఇంకా ఊగుతూనే ఉంది. ఎలా చెప్పమంటారు?"

ఆవిడ దర్జీ. వీధివైపు గదిలో మూడు మిషన్లు, గోడకు వేలాడే స్కూలు యూనిఫారాలు, కాజాలు కుట్టాల్సిన చొక్కాల గుట్ట. ఇరవయ్యేళ్ళుగా సంసారం నడుస్తున్నది ఆ గది మీదే. వెనక గదిలో ఆయన నవలలు రాస్తాడు. వాటిలో పల్లె తల్లి, పట్నం రాక్షసి. మూడో అధ్యాయంలో కథానాయకుడు బస్సెక్కుతాడు, పదో అధ్యాయానికి తాగుబోతవుతాడు, చివరి పేజీలో ఊరి మట్టి నెత్తిన పోసుకుని భోరుమంటాడు. పట్నం వచ్చి బాగుపడ్డవాడు ఒక్కడూ ఉండడు. పల్లెలో దోమకాటు తిన్నవాడూ ఉండడు. అక్కడ అమావాస్యకు కూడా వెన్నెలే. వీధివాళ్ళు ఆయన్ని మొహం మీద గురువుగారూ అంటారు, చాటున వెన్నెలాయన అంటారు. తొమ్మిదో ఏట ఊరు వదిలిన మనిషి, మళ్ళీ అటు తొంగిచూసిన పాపాన పోలేదు.

ఆవిడ పుట్టిందీ పల్లెలోనే. చీకటి పడ్డాక చెంబు పట్టుకుని బయటికెళ్ళాలంటే అక్కను లేపాలి. అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక తెల్లారేదాకా బిగబట్టుకోవాలి. ఒకసారి ఆ సంగతి చెబితే ఆయన కలం ఎత్తకుండానే, "అది నవలకు పనికిరాదు" అన్నాడు.

పోయిన ఆదివారం సన్మాన సభలో ఆయన ఇంకో మెట్టెక్కాడు. "ఊళ్ళో తలదాచుకోను ఒక్క గది ఉంటే చాలు, రేపే నేనూ నా భార్యా మూటాముల్లే సర్దుకుని పోతాం" అని కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా చప్పట్లు. తన దుకాణం మూతపడబోతోందన్న సంగతి ఆవిడకు ముందువరసలో కూర్చుని తెలిసింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇప్పుడు వ్యాను దిగిన ఈ మరిది కూడా ఉన్నాడన్నది మాత్రం ఇంకాసేపట్లో తెలియబోతోంది.

"బాగున్నావా వదినా? అన్నయ్యేడీ?"

"పరదా వెనకాల."

రచయిత నవ్వు పులుముకుని బయటికొచ్చాడు. "ఏరా, కబురైనా లేకుండా?"

"కబురు నువ్వే పంపావుగా, మైకులో. మా ఇల్లు నీకోసం ఖాళీ చేశాను. వెల్ల కూడా వేయించాను. ఎక్కు అన్నయ్యా."

మిషను మీద ఆవిడ కాలు ఆగింది. ఇల్లు అద్దెకు తీసుకున్నది ఆయన పేరు మీద. ఆయన ఆ నోటితో ఊ అంటే ఈ గది పోయినట్టే.

"మోకాళ్ళ నొప్పులురా."

"చేలగట్ల మీద నడిస్తే నొప్పులు మాయమవుతాయని రాశావుగా. మా నాన్న బతుకంతా వాటిమీదే నడిచి చివరికి కర్ర పట్టాడనుకో. ఆయన నీ పుస్తకం చదవలేదు మరి."

"ఆస్పత్రి దూరం కదరా."

"ఊళ్ళో ఆస్పత్రెందుకు? నీ నవలల్లో ఒక్కడికైనా జ్వరమొచ్చిందా?"

మరిది మొహంలో నవ్వు లేదు. అది భక్తో ఎగతాళో రచయితకు అంతుబట్టలేదు. ఆవిడకు అర్థమైంది.

"మరి నువ్వెక్కడుంటావు?" అనడిగింది.

"నీ వెనక గది ఇస్తే ఇక్కడే వదినా. మోటార్లు బాగుచేయడం వచ్చు నాకు. ఊళ్ళో ఉన్నవే నాలుగు. అవీ చెడవు, కరెంటుంటేగా."

"పట్నం మనిషిని మింగేస్తుందిరా" అన్నాడు రచయిత, అలవాటు కొద్దీ.

"మింగనీ అన్నయ్యా. అక్కడ నన్ను వాసన చూసేవాడు కూడా లేడు."

వ్యాను చుట్టూ అప్పటికే జనం చేరారు. ఇంటి యజమాని వచ్చాడు. సభ జరిపించినాయన కెమెరాతో సహా దిగాడు. మరిదే పిలిచాడట. రచయిత చెమట తుడుచుకుని భార్య వైపు తిరిగాడు.

"ఏమోయ్, నీకిక్కడ బోలెడు పనుంది కదా. ఎలా కదులుతాం?"

ఆవిడ కుట్టేదాన్ని ఆయన పని అనడం ఇరవయ్యేళ్ళలో అదే మొదటిసారి. అవునంటే చాలు, ఆయన గట్టెక్కుతాడు, పరువూ దక్కుతుంది. ఆవిడ దారం కొరికి, సూది పక్కన పెట్టింది.

"నాకుంది. మీకు లేదుగా. మీరు వెళ్ళండి." యజమానితో అంది, "ఇకనించి ఇంటి అద్దె కాగితం నా పేరు మీద రాసుకోండి బాబాయిగారూ. ఆయనకు అభ్యంతరం లేదు. ఏమండీ?"

కెమెరా ఆయన మొహం మీదే ఉంది. తల ఊపక తప్పలేదు.

ఆవిడ సంచి సర్దింది. బట్టలు, కాగితాలు, కలాలు. దోమతెర కూడా చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ బీరువాలో పెట్టేసింది. అక్కడ దోమలుండవు కదా.

దీపాలు వేసే వేళకు ఫోను మోగింది. వెనక గదిలో మరిది స్పానర్లు సర్దుకుంటున్నాడు.

"కరెంటు పోయిందే" అన్నాడు రచయిత, గొంతు తగ్గించి. "మరుగుదొడ్డి పెరటి చివర ఎక్కడో ఉందట. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడటంలేదు. గడ్డిలో ఏదో కదులుతోంది. తోడుకి పిలుద్దామంటే ఎవరూ లేరు. ఏం చేయను?"

"అది నవలకు పనికిరాదులెండి" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

"ఏమంటున్నాడు అన్నయ్య?"

"ఊరు బాగుందట."

మర్నాటికి ఇవ్వాల్సిన చొక్కాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆవిడ లైటు కాస్త కిందికి లాక్కుని కాజాలు మొదలుపెట్టింది.