అతిథుల గది దుప్పట్లు

శుక్రవారం మధ్యాహ్నం అతిథుల గదిలో మంచం మీద తెల్ల దుప్పటి పరుస్తున్నాను. మూలలు మడిచి పరుపు కిందికి తొయ్యడానికి ఒక పద్ధతుంది. పెళ్లైన కొత్తలో మా అత్తగారు పక్కన నిలబడి మరీ నేర్పించింది. "దుప్పటి మూల వదులైతే మా అబ్బాయికి నిద్ర పట్టదు మార్లిస్" అనేది. ఆవిడ పోయి చాలా ఏళ్లైంది. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడ కూర్చుంటే అక్కడే గురక పెడతాడు. నేను మాత్రం ఇంకా మూలలు మడుస్తూనే ఉన్నాను.

చలికాలం వచ్చిందంటే మా ఇంటికి చుట్టాల తాకిడి మొదలవుతుంది. మిన్నెసోటాలో వాకిట్లో మంచు ఎత్తిపోసుకునే వాళ్లందరికీ వారాంతం వచ్చేసరికి అరిజోనా కొండల కింద ఉన్న మేం గుర్తొస్తాం. వస్తారు, ఈతకొలనులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు, సవారో అనే నిలువెత్తు బ్రహ్మజెముడు పక్కన చేతులు పైకెత్తి దానిలాగే నిలబడి ఫొటోలు దిగుతారు. సాయంత్రం వరండాలో గ్లాసులు పట్టుకుని సూర్యాస్తమయం చూసి "అబ్బా" అంటారు. ఆ గ్లాసుల్లోకి నిమ్మకాయలు కోసేది, ఐసు నింపేది, కొలను పక్కన వదిలేసిన తడి తువాళ్లు ఏరేది నేను. వెళ్లేటప్పుడు ఆడవాళ్లు నన్ను కౌగిలించుకుని "ఎంత అదృష్టవంతురాలివో, నీకు ఏడాది పొడుగునా సెలవులే" అంటారు. ఒకసారి నడుం నొప్పిగా ఉందంటే మా ఆయన వెండెల్ కూడా అదే అన్నాడు. "నీకు అలసటేంటి హనీ? జనం డబ్బులు పోసి సెలవులకొచ్చే చోట మనం కాపురమే ఉంటున్నాం." దానికి జవాబు తువాళ్లు ఉతికిన ప్రతిసారీ వెతుకుతూనే ఉన్నాను.

వెండెల్ రిటైరైన రోజు అతని ఆఫీసువాళ్లు పెద్ద కేకు తెచ్చారు. దాని మీద నీలం క్రీముతో "వెండెల్, ఇక హాయిగా గోల్ఫ్ ఆడుకో" అని రాశారు. అతనితో ఇక్కడికి రావడానికి అదే వారం నేనూ స్కూలు లైబ్రరీలో ఉద్యోగం మానేశాను. నాకు కేకు తేలేదని కాదు నా బాధ. ఆ కేకు కోసి పంచింది నేను, ప్లేట్లు కడిగింది నేను. ఇద్దరం ఒకేసారి పని మానేశామని ఆ రోజు ఎవరికీ తట్టలేదు, నాక్కూడా తట్టలేదు.

ఇంతకీ ఈసారి వస్తున్నది మా ఆడపడుచు డోరీన్, ఆమె భర్త క్లిఫ్. శనివారం మధ్యాహ్నానికి దిగుతారు. అదే శనివారం పొద్దున నేను కొండెక్కాలి.

మా పెరటి గోడ అవతలి నుంచే కొండలు మొదలవుతాయి. ఈ ఇల్లు అమ్మిన ఏజెంటు కొండ కనిపించే కిటికీలను చూపించి తెగ గొప్పలు చెప్పాడు. ఆ గొప్ప కిటికీల్లో ఒకటి వంటింటి సింకు పైన ఉంది. ఉదయం గులాబీ రంగులో, సాయంత్రం ఊదారంగులో ఆ కొండను నేను గిన్నెలు తోముతూనే చూశాను. శనివారాల్లో తెల్లవారగానే కొంతమంది వరసగా దాని మీదికి నడిచి వెళ్లేవాళ్లు, ముందు ఒక ఆడమనిషి. ఆమె పేరు ఇనెజ్ వాలెన్జువెలా. ఈ కొండల కిందే పుట్టి పెరిగింది. కొత్తవాళ్లను కొండ మీద తిప్పే వలంటీర్ల బృందం ఆమెదే. ఆకురాలే కాలంలో ఒకరోజు నేనే గోడ గేటు తీసుకుని వెళ్లి ఆమెను పలకరించాను. వారం మధ్యలో వలంటీర్లకు జరిగే పాఠాలకు వెళ్లడం మొదలుపెట్టాను. వెండెల్ గోల్ఫ్ నుంచి వచ్చేలోపల ఇంట్లో ఉండేదాన్ని కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. ఏ రాయి ఎన్నాళ్లదో, గిలకపాము తోక మోగిస్తే మనుషుల్ని ఎలా వెనక్కి నడిపించాలో, ఎండదెబ్బ ముందుగా ఎవరి మొహంలో కనిపిస్తుందో నేర్చుకున్నాను. చివర్న ఒకే పరీక్ష. శనివారం నడకను మొదటినుంచి చివరిదాకా మనమే నడిపించాలి, ఇనెజ్ వెనక నడుస్తూ చూస్తుంది. రెండుసార్లు రోజు ఖాయం చేసుకుని రెండుసార్లూ మానుకున్నాను. ఒకసారి వెండెల్ కాలేజీ స్నేహితులు వచ్చారు, ఇంకోసారి అతని కింద పనిచేసిన మేనేజరు కుటుంబం.

"నీ మీద కోపం లేదు మార్లిస్," అంది ఇనెజ్. "కానీ ఈ విడతకి ఇదే ఆఖరి శనివారం. రాలేకపోతే మళ్లీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాది మాత్రం మీ ఇంటికి చుట్టాలు రారా ఏంటి?"

ఆ సంగతి వెండెల్‌కు సోమవారమే చెప్పాను. టీవీ శబ్దం కొంచెం తగ్గించి విన్నాడు, అంతవరకూ మర్యాదస్తుడే. "డోరీన్ వస్తోందిగా. ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా? ఆ కొండ ఎక్కడికీ పోదులే హనీ" అని మళ్లీ శబ్దం పెంచాడు. అతను చెడ్డవాడు కాదు. గట్టిగా అరిచిన రోజు లేదు, నా పుట్టినరోజు మర్చిపోయిన ఏడాది లేదు. అదే నా చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడేదాన్ని. మంచివాడితో పోట్లాడాలంటే ముందు మనమీద మనకే అనుమానం వస్తుంది.

ఆ శుక్రవారం నేను ఆఖరి మూల మడుస్తుండగా వెండెల్ గోల్ఫ్ క్లబ్బు నుంచి ఫోన్ చేశాడు.

"మార్లిస్, రాత్రికి మంచు పడుతుందట. చీకటి పడకముందే చెట్లన్నీ కప్పెయ్. బ్రహ్మజెముళ్ల కొసలకి కప్పులు బోర్లించడం మర్చిపోకు. రేపు డోరీన్ వచ్చేసరికి తోట నల్లగా మాడిపోయి ఉంటే బాగోదు."

"చెట్లకి కప్పే గుడ్డలేవీ?"

"ఓ, అవా? గోల్ఫ్ బండికి రంగు వేసినప్పుడు కింద పరిచాలే. పనికి రావనుకుంటా."

"మరి దేంతో కప్పను?"

"ఏదో ఒకటి. ఇంట్లో పాత దుప్పట్లు ఉండవా ఏంటి? అది కూడా నేనే చెప్పాలా?"

మా ఇంట్లో పాత దుప్పట్లు లేవు. ఇక్కడికి వచ్చేటప్పుడు, కొత్త ఇంట్లో అన్నీ కొత్తవే ఉండాలని పాతవన్నీ దానమిచ్చేసింది అతనే. ఇప్పుడున్నవన్నీ ఒకే తెలుపు, హోటల్లో ఉన్నట్టు. ముందు బయటికి వెళ్లి నిచ్చెన వేసుకుని బ్రహ్మజెముళ్ల లేత కొసలు చలికి మాడకుండా వాటికి కాఫీ తాగే తెల్ల ఫోమ్ కప్పులు తొడిగాను. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు నవ్వొస్తుంది, ముళ్లకు టోపీలు పెడుతున్నానని. అల్మరాలో ఉన్న దుప్పట్లు దానిమ్మకూ, కాగితప్పూల తీగకూ సరిపోయాయి. నిమ్మచెట్టు మిగిలింది.

ఈ తోటలో ప్రతి మొక్కనూ తోటల కంపెనీవాళ్లు ఎంచి పెట్టారు. నిమ్మచెట్టు ఒక్కటే నాది. వచ్చిన ఏడాది నా చేతులతో నాటాను. ఏ చెట్టు కొమ్మ ఎంత ఎత్తుండాలో కూడా నిర్ణయించే మా కాలనీ సంఘంతో వాదించి నిలబెట్టుకున్న చెట్టు. నిండా మొగ్గ మీద ఉంది. ఆ చలికి వదిలేస్తే తెల్లారేసరికి మొగ్గంతా మాడిపోతుంది. ఇంట్లో మిగిలిన దుప్పట్లు రెండు మంచాల మీదివే. మా మంచం మీదివి, ఇందాక మూలలు మడిచిన డోరీన్ మంచం మీదివి.

అతిథుల గది గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో. పరిచిన పక్క ఎంత చక్కగా ఉందో చూశాను. దాని కోసం చేసిన పనంతా రేపు డోరీన్ సూట్‌కేసు విసిరెయ్యగానే కనిపించకుండా పోతుంది. ఇన్నేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చలి తగలకుండా చూసుకున్నాను. నాదంటూ ఉన్న ఒక్క చెట్టు దగ్గరికి వచ్చేసరికి దుప్పటి కోసం ఆలోచిస్తున్నానే అని నా మీద నాకే ఒళ్లు మండింది. ఒక్క లాగుకు నాలుగు మూలలూ ఊడొచ్చాయి. అడుగున పరుపుకు తొడిగిన, అంచుల్లో ఎలాస్టిక్ ఉన్న దుప్పటి నిమ్మచెట్టు తలకు స్నానాల టోపీలా అతికినట్టు సరిపోయింది. పైన ఇంకోటి చుట్టి బట్టల క్లిప్పులు పెట్టాను. పెరట్లో ఒంటరిగా నిలబడి గట్టిగా నవ్వాను. నవ్వుతూనే తెలిసింది, రేపు నేను కొండకు వెళ్తున్నానని.

సాయంత్రం వచ్చి వెండెల్ తోటంతా చూసి "శభాష్" అన్నాడు. సూపు తాగుతుండగా చెప్పాను.

"రేపు తెల్లారగానే నేను ఇనెజ్‌తో నడకకి వెళ్తున్నా. నడిపించేది నేనే."

"మరి డోరీన్ వాళ్లు?"

"నువ్వున్నావుగా."

"నాకు ఆటుంది కదా!"

"నాకు నడకుంది."

చెంచా ఆగింది. "సరదాకంటున్నావా? పోనీ పక్కలన్నా వేశావా?"

"వేశా. మళ్లీ తీశా. ఆ దుప్పట్లు చెట్లమీదున్నాయి. ఎండెక్కాక తీసి, ఆరబెట్టి, మంచం మీద నువ్వే పరచాలి."

అతను నవ్వాడు. నేను అప్పుడప్పుడూ ఇలా జోకులు వేస్తానని అతని నమ్మకం. నేను నవ్వలేదు, నా బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకున్నాను.

ఉదయం నిజంగానే మంచు పడింది. కొండ మొదట్లో పదిమందిదాకా చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. నేను చెయ్యాల్సింది వాళ్లకు దారి గురించి చెప్పి ముందు నడవడం. నేను చేసిందేమిటంటే, ఒకావిడకు నా చేతితొడుగులు ఇచ్చాను, ఒక పెద్దాయన నీళ్లసీసా మూత తీసిపెట్టాను, అందరూ సర్దుకున్నారో లేదో చూసుకుంటూ వరస చివరికి పోయి నిలబడ్డాను. ఇనెజ్ వెనక్కి తిరిగి చూసింది.

"చివర నా చోటు. నువ్విక్కడ వడ్డించడానికి రాలేదు మార్లిస్. ముందుకి పో."

మొహం వేడెక్కింది. అందరినీ దాటుకుంటూ ముందుకు వెళ్లాను. నా ఎదుట ఎవరి వీపూ లేకుండా నడిచి ఎన్నాళ్లైందో గుర్తులేదు. కౌజు పిట్టల గుంపు ఒకటి పొదలోంచి పొదలోకి పరుగెత్తేసరికి వాటి గురించి చెప్పడం మొదలుపెట్టాను, ఇక ఆగలేదు. జనం ఆగి విన్నారు. మా ఇంట్లో నేను మాట్లాడుతుంటే అందరూ ఆగి విన్న భోజనం ఒక్కటీ జ్ఞాపకం రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ అనుకుని ఉంటారు.

కొండ భుజం మీదికి చేరి కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. వెండెల్.

"ఎక్కడున్నావ్? గడ్డి మీద మంచుందని ఆట ఆపేశారు, నేనింట్లోనే ఉన్నా. డోరీన్ వాళ్లు ముందు విమానం దొరికిందని ఇప్పుడే ఇంటికొచ్చేశారు. మంచం మీద దుప్పట్లేవీ? గేటు దగ్గర్నుంచి కాలనీవాళ్లు ఫోన్ మీద ఫోన్! తొమ్మిదికల్లా చెట్లమీద గుడ్డలు తీసెయ్యాలట, ఇంకా అలాగే ఉన్నాయేంటంటున్నారు!"

"చెప్పాగా. చెట్లమీద ఉన్నవే మంచం మీదివి."

"నిజంగానా?" అన్నాడు చిన్నగా.

"తడిగా ఉంటాయి, ముందు డ్రయ్యర్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎలా ఆరబెట్టాలో, ఏ మీట నొక్కాలో, ఏ మూల ముందు మడవాలో అన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాను. పెద్ద కంపెనీ నడిపిన మనిషి, కనుక్కుంటాడు.

ఇంతలో డోరీన్ ఫోన్ లాక్కున్నట్టుంది. "మార్లిస్, నేను తీస్తాలే, ఎంతసేపు!" అంది.

"వద్దు డోరీన్. నువ్వు అతిథివి, కూర్చో. వెండెలే తీస్తాడు."

ఆమె గొంతు తగ్గించి, "సరే. నేను కూర్చుంటా. మా అమ్మ ఉంటే కూర్చోనిచ్చేది కాదు," అంది. "నువ్వు తొందరపడి వచ్చెయ్యకు. రేపు నన్నూ తీసుకెళ్తావా అక్కడికి?"

"తీసుకెళ్తా," అన్నాను. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగినవాటిలో నాకు నచ్చినది అదొక్కటే.

కింద మా కాలనీ ఇళ్లన్నీ ఒకే మట్టిరంగులో ఉన్నాయి. వాటిమధ్య ఒక పెరట్లో మాత్రం తెల్లటి దుప్పట్లు మెరుస్తున్నాయి. గోల్ఫ్ టోపీ పెట్టుకున్న ఒక చిన్న ఆకారం నిమ్మచెట్టు చుట్టూ తిరుగుతోంది. ఒక పక్క ఎలాస్టిక్ లాగితే ఇంకో పక్క పట్టుకుంటోంది. మళ్లీ చుట్టూ తిరిగి వచ్చింది. కొంచెం జాలేసింది, కాదనను. జాలి వేసినంతమాత్రాన లేచి పరుగెత్తాల్సిన పనిలేదని ఆ రాయి మీద కూర్చుని మొదటిసారి తెలుసుకున్నాను.

నా చేతితొడుగులు వేసుకున్నావిడ అటే చూస్తోంది. "అదేంటండీ, ఆ తెల్లగా ఉన్నది? ఎవరిల్లది?"

ఇనెజ్ నా మొహంలోకి చూసింది, దిగిపోదామంటానేమోనని.

"మా ఇల్లే," అన్నాను, లేచి సంచీ భుజాన వేసుకుంటూ. "మా ఆయన చుట్టాలకి పక్కలు వేస్తున్నాడు. పదండి, శిఖరం ఇంకా పైనుంది."