పెట్టెకు కోటు

మూడో పత్రిక మడత వీపు మీద సరిగ్గా కూర్చోలేదు. ఆయన చొక్కా పైకెత్తి, చెయ్యి వెనక్కి తిప్పి తడుముకుంటూ ఉంటే, కుట్టుమిషను ముందు నుంచి భార్య లేచి వచ్చి ఆ కాగితాన్ని రెండు భుజాల మధ్యకి తోసి బనీను కిందికి లాగింది. ఛాతీ మీద రెండు పాత దినపత్రికలు, వీపు మీద ఒకటి. వాటి మీద చొక్కా, చొక్కా మీద మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెట్టరు, అన్నిటి మీద కంపెనీవాళ్ళిచ్చిన పల్చటి నీలం జర్కిన్. మేజోళ్ళ మీద పాలిథిన్ సంచులు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, అప్పుడు బూట్లు. పంతొమ్మిది చలికాలాలుగా ఇదే వరస. ఇదంతా అయ్యాక ఆయన అడుగు వేస్తే ఎండుటాకుల్లో ఎవరో నడుస్తున్నట్టు చప్పుడవుతుంది.

"లోకంలో వార్తలన్నీ మీ పొట్ట మీదే ఉన్నాయి," అంది భార్య. రోజూ ఆ మాటకి ఇద్దరూ నవ్వుతారు. ఇవాళ నవ్వలేదు.

"కత్తెర ఇటివ్వు."

"ఇవ్వను." ఆమె కత్తెరను మిషను సొరుగులో పడేసి సొరుగు మూసింది. "కుట్టిన దాని కత్తెరతోనే కోస్తారా? కొయ్యమన్నవాణ్ణే వచ్చి కోసుకోమనండి."

కొయ్యాల్సినవి కంపెనీ మోటార్ సైకిల్ హ్యాండిల్‌కున్న తొడుగులు. పాత బొంతలోంచి గట్టి ముక్కలు ఏరి, లోపల ఉన్ని పరిచి, మోచేతి దాకా చెయ్యి దూరేలా ఆమె కుట్టినవి. ఒకటి ఎరుపూ పసుపూ, రెండోది గళ్ళది. చూడ్డానికి ఏమంత బాగుండవు. ఆ సంగతి కుట్టిన మనిషికే ముందు తెలుసు. కానీ వాటిలో చేతులు పెట్టుకుంటే ఎంత మంచులోనైనా బ్రేకూ క్లచ్చూ వేళ్ళకి తెలుస్తాయి.

ఆయన పని రక్తం మొయ్యడం. ఊళ్ళోనూ, ఊరి చుట్టూనూ ఉన్న ఎనిమిది చిన్న క్లినిక్కుల్లో పొద్దున్నే తీసిన రక్తం గొట్టాలను ఐసుపెట్టెలో పెట్టుకుని, పదకొండింటి లోపల పెద్ద ల్యాబులో అప్పగించాలి. పెట్టెలో వేడి రెండు డిగ్రీలకి తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. మూత మీద చిన్న థర్మామీటరు, దాని తీగ చివర గింజంత మొన లోపల వేలాడుతూ ఉంటుంది. చలికాలంలో రక్తం గడ్డకట్టుకుపోతుందని కిందటేడు కంపెనీవాళ్ళు పెట్టెకి దళసరి కోటు కుట్టించారు. లోపల మెత్త, పైన నీళ్ళు దిగని గుడ్డ, ముందు జిప్పు. పెట్టెకి కోటు, మనిషికి గాలి ఇటు నుంచి అటు పోయే జర్కిన్! పోనీ దాని మీద సొంత కోటు వేసుకుందామా అంటే వీల్లేదు. కంపెనీ పేరు కనబడాలట.

గ్లవుజులు ఆయనకి లేక కాదు. ప్రతి క్లినిక్కులోనూ గొట్టాల మీద టైము రాయాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎనిమిదిసార్లు తీసి ఎనిమిదిసార్లు తొడిగేసరికి గ్లవుజుల్లో చలే మిగులుతుంది. కిందటి చలికాలం అలాగే కుడిచేతి రెండు వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. డాక్టరు చూసి, మరోసారి ఇలా అయితే వేళ్ళు దక్కవని మొహం మీదే చెప్పాడు. ఆ సాయంత్రమే భార్య బొంత కోసింది.

ల్యాబు ఇన్‌ఛార్జికి అవి కంటికి ఆనలేదు. "బిచ్చగాడి మూటలు తగిలించుకుని తిరుగుతున్నారేంటి పెద్దాయనా? కంపెనీ పరువేం కాను?" అన్నాడు. వేళ్ళ సంగతి చెబుతూ ఆయన మూడు అర్జీలు రాశాడు. వెనకటికి ఆయన ఒక మిల్లులో పార్సిళ్ళ మీద చిరునామాలు రాసే గుమాస్తా. మిల్లు మూతపడి బండెక్కాడు గానీ చేతిరాత చెక్కుచెదరలేదు. ఇప్పటికీ నర్సులు లేబుళ్ళు ఆయన చేతే రాయించుకుంటారు. అర్జీలు చూసి ఇన్‌ఛార్జి, "మీ రైటింగ్ ఫ్రేము కట్టించుకోవచ్చు సుమండీ," అని సొరుగులో వేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇవాళ హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు, బండ్లన్నీ ఒక్కలా ఉండాలి, ఫొటోలు తీస్తారు, తొడుగులు కనబడితే మర్యాదగా ఉండదని నిన్న ఆఖరిమాటగా చెప్పాడు.

బయట సీటు మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుని ఉంది. ఆయన తాళంచెవి కొసతో కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది. తెంపడం అయ్యాక రెండు తొడుగులూ తీసుకుని, దారాలు దులిపి, మడిచి ఆయన సంచిలో పెట్టింది.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి," అంది. "నోరు తెరిచి ఒక్క మాటంటే మీ సొమ్మేం పోతుంది?"

"ఇవాళొక్కరోజేగా."

"వేళ్ళు పోవడానికి ఒక్కరోజు చాలు."

ఆయన బండి కిక్కు కొట్టాడు.

మొదటి క్లినిక్కు దాకా బాగానే ఉంది. రెండోదానికి వచ్చేసరికి గ్లవుజుల్లో వేళ్ళు సూదులు గుచ్చినట్టు పొడిచాయి. పొడుస్తున్నంతసేపూ భయం లేదని ఆయనకి తెలుసు. పొడవడం మానేసినప్పుడే భయపడాలి. గొట్టాలు తీసుకుని బయటికి వచ్చి, బండి పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ఇంజిను దగ్గర పెట్టాడు. పొయ్యి ముందు కూర్చున్నట్టు అరచేతులు తిప్పి తిప్పి కాచుకున్నాడు. ప్రతి క్లినిక్కు దగ్గరా రెండు నిమిషాలు ఇలా గడుస్తాయి. వేగంగా పోతే చలి తెలియదని ఇన్‌ఛార్జి ఒకసారి సలహా ఇచ్చాడు. గట్టున కూర్చుని ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు. బండి వేగం పెరిగేకొద్దీ గాలికి పళ్ళు మొలుస్తాయని ఆ కుర్చీకి ఎలా తెలుస్తుంది?

నాలుగో క్లినిక్కు మెట్లు ఎక్కుతుంటే ఆయనకి ఎప్పుడూ ఒకటే జ్ఞాపకం. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున ఇక్కడ తీసుకున్న గొట్టాల్లో ఒకదాని మీద భార్య పేరుంది. ఆమె ఒంట్లో గడ్డ ఏదో తగిలితే ఆయనకి చెప్పకుండా వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళిపోయింది. ఆయన ఆ గొట్టం మీద టైము రాసి, మిగతావాటి మధ్యనే పెట్టి, ఎప్పటి వేగంతోనే ల్యాబుకి తీసుకెళ్ళాడు. రాతలో ఒక్క అక్షరం వంకర పోలేదు. గండమేమీ లేదని తేలాక, "చెబితే మీరు కంగారులో బండి ఎక్కడ పడేస్తారోనని చెప్పలేదు," అంది ఆమె. ఆ రోజు నుంచి ఆయనకి పెట్టెలో ప్రతి గొట్టమూ ఎవరో ఒకరి పెళ్ళామే, ఎవరో ఒకరి తల్లే. పంతొమ్మిదేళ్ళలో ఒక్కటీ పగలలేదు.

ఆరో క్లినిక్కుకి వచ్చేసరికి వేళ్ళు పొడవడం మానేశాయి.

లోపల బల్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మోచేతి మడతలో దూది, మణికట్టు మీద దూది, రెండో చేతికి ఇంకో దూది. "నరం దొరకలేదు బాబాయ్, నాలుగుసార్లు పొడిచాను," అంది నర్సు నుదురు తుడుచుకుంటూ. "ఇదిగో, బంగారంలా పట్టుకెళ్ళు." ఆయన గ్లవుజు తీసి గొట్టం అందుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు. వేళ్ళు మూసుకున్నాయో లేదో వేళ్ళు చెప్పలేదు. గొట్టం నేల మీద పడి పగిలాక గానీ తెలియలేదు.

గచ్చు మీద ఎర్రటి మరక ఆయన బూటు దాకా పాకింది.

"ఇదేంటి బాబాయ్!" నర్సు గొంతు పెరిగింది. "ఇప్పుడు మళ్ళీ పొడవాలా ఆవిణ్ణి?"

ముసలమ్మే ముందుగా అంది. "పోనీలే అమ్మా, రక్తమే కదా, ఇంకా ఉందిలే. ఇటు రావయ్యా." ఆయన చెయ్యి పట్టుకోబోయి ఉలిక్కిపడింది. "ఇవేం చేతులయ్యా! శవానికి కూడా ఇంతకంటే వేడి ఉంటుంది." తన శాలువా కొస ఆ రెండు చేతుల చుట్టూ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రెండో చెయ్యి నర్సు వైపు చాపింది. సూది దిగినప్పుడు పళ్ళు బిగబట్టింది కానీ శాలువా వదల్లేదు.

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. తన తప్పు కాదని ఆయనకి తెలుసు. తెలిసినా సిగ్గు తగ్గలేదు సరికదా, దాని కింద నుంచి మరొకటి పైకి రావడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా పత్రికల మడతల కింద దాచుకున్న కోపం అది. నర్సు ల్యాబుకి ఫోను చేసి గొట్టం పగిలిన సంగతి చెబుతుంటే విన్నాడు. చెప్పాలి, అది ఆమె పని. ముసలమ్మ రెండోసారి ఇచ్చిన గొట్టాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళతో చూస్తూ పెట్టెలో దించాడు.

మిగతా రెండు క్లినిక్కుల్లో రాతపని నర్సుల చేతే చేయించుకుని ల్యాబుకి చేరేసరికి పదిన్నర. ఆవరణలో బండ్లన్నీ వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారు. హెడ్డాఫీసు ఆయన మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, "నీట్‌గా ఉన్నాయి," అన్నాడు. తొడుగులు లేని హ్యాండిల్ వైపు చూసి ఇన్‌ఛార్జి తృప్తిగా తలాడించాడు.

లోపల బల్ల పక్కన హీటరు ఎర్రగా వెలుగుతోంది. హెడ్డాఫీసు ఆయన పెట్టె మీది అంకె చూశాడు. "ఆరు. వెరీ గుడ్. ఈ చలిలో కూడా ఆరు!" ఇన్‌ఛార్జి మురిసిపోతూ పుస్తకంలో పెట్టె గడిలో ఆరు వేశాడు. పెట్టె కోటు జిప్పుని ఆయన రెండు మణికట్లతో నొక్కిపట్టి లాగి, గొట్టాలన్నీ ఒక్కొక్కటే ల్యాబు అమ్మాయికి అప్పగించాడు. ముసలమ్మది ఆఖరున ఇచ్చి, "ఇది జాగ్రత్తమ్మా," అన్నాడు. కోపం కంపెనీ మీద గానీ ఆ రక్తం మీద కాదు.

"పెద్దాయనా, ఇదొక్కటి." ఇన్‌ఛార్జి ఒక కాగితం ముందుకు తోశాడు. నిర్లక్ష్యం వల్ల నమూనా పగలగొట్టినందుకు మెమో. "సంతకం పెట్టండి. ఊరికే ఫార్మాలిటీ."

ఆయన పెన్ను తీసుకున్నాడు. అది జారి బల్ల మీద పడింది. మళ్ళీ తీసుకున్నాడు. కాగితం మీద వంకర గీత ఒకటి పడి, పెన్ను మళ్ళీ జారింది.

"పోనీ వేలిముద్ర వేసెయ్యండి," అని ఇన్‌ఛార్జి ఇంకు ప్యాడు తెరిచి పెట్టాడు. హెడ్డాఫీసు ఆయనతో, "పాతకాలం మనిషి సార్," అన్నాడు చిన్నగా నవ్వి.

ఆయన ప్యాడు వైపు చూశాడు, ఇన్‌ఛార్జి వైపు చూశాడు. సొరుగులో తన మూడు అర్జీలున్నాయి, వాటి కింద ముత్యాల్లాంటి మూడు సంతకాలున్నాయి. ఆయన పెట్టె లోంచి థర్మామీటరు తీగ బయటికి లాగి, దాని మొనని కుడి పిడికిట్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఆ వేళ్ళని ఒత్తి మూశాడు.

"ఏం చేస్తున్నారు?"

"చూడండి సార్."

ముగ్గురూ చూశారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అంకె ఆగి ఆగి కదిలింది. పదకొండు దగ్గర నిలిచిపోయింది.

"రాయండి," అన్నాడు ఆయన. "పెట్టె ఆరు. మనిషి పదకొండు. రాయండి."

"దానికి... దీంట్లో గడి లేదు పెద్దాయనా."

"లేదు కదా? పంతొమ్మిదేళ్ళ నుంచీ లేదు. పెట్టెకి కోటు కుట్టించారు, ఇంటిది నాకు తొడుగులు కుట్టి పెడితే మీకు పరువు తక్కువైంది. నిర్లక్ష్యం నాదా? నాలుగు పోట్లు పొడిచి తీసిన ఆవిడ రక్తం నేలపాలు చేసింది మీరు. ఆవిడ దగ్గరికెళ్ళి పెట్టండి వేలిముద్ర!"

గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. ల్యాబు అమ్మాయి గొట్టాల ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. హెడ్డాఫీసు ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆయన పిడికిలి విప్పి మొనని బల్ల మీద వదిలాడు. పక్కన బండి తాళంచెవి పెట్టాడు. జర్కిన్ విప్పి కుర్చీకి తగిలించాడు. సంచిలోంచి రెండు తొడుగులూ తీసి, ఎరుపూ పసుపూది కుడిచేతికీ గళ్ళది ఎడమచేతికీ మోచేతుల దాకా తొడుక్కున్నాడు.

"రేపు రౌండుకి ఎవరెళ్తారు?" అన్నాడు ఇన్‌ఛార్జి.

"మీరెళ్ళండి. వేగంగా వెళ్తే చలి తెలీదు."

ఆయన బయటికి నడిచాడు. పత్రికలు ఒంటి మీద కరకరలాడుతూ గేటు దాకా వినిపించాయి, తర్వాత వినిపించలేదు.

గదిలో ఎవరూ కదల్లేదు. బల్ల మీద హీటరు పక్కన పడి ఉన్న థర్మామీటరులో మాత్రం అంకె నెమ్మదిగా కదులుతూ, పదిహేను, పంతొమ్మిది, ఇరవై మూడు దాటి, ఇరవై ఏడు దగ్గర హాయిగా ఆగింది.