సోమవారం పదింటి సంతకం

కాలేజీ వాళ్లు ఫెయిత్ పేరు కొట్టెయ్యలేదు. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకోమని చర్చిలో ఆంటీలు అన్నారు. ఫెయిత్ మోకరించి కళ్లు మూసుకుంది గాని, లోపల ఒక్క మాటా పలకలేదు.

చేసేటప్పుడు అది చిన్న పనిలాగే అనిపించింది. 1996 వేసవి పరీక్షల ముందు, ఆమెతో బీయస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మైథిలికి హాజరు చాల్లేదు. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే మినహాయింపు ఇస్తారు. ఫెయిత్ తల్లి వసంతకుమారి దేశ రాజధానిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు, ఓపీకి ఇన్‌చార్జి సిస్టర్. ఒక మధ్యాహ్నం అమ్మకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లిన ఫెయిత్, అమ్మ పక్క గదిలోకి వెళ్లినప్పుడు బల్ల మీది ఖాళీ ఫారం ఒకటి తీసి, పక్కనున్న స్టాంపు గుద్ది, పుస్తకంలో పెట్టుకుంది. డాక్టరు సంతకం కూడా తనే చేసింది. జబ్బు పేరు టైఫాయిడ్ అని రాసింది.

కాలేజీ వాళ్లు ఆసుపత్రికి ఉత్తరం రాసి కనుక్కుంటారని ఇద్దరికీ తట్టలేదు.

మైథిలిని వాళ్ల నాన్న వచ్చి హైదరాబాదు తీసుకుపోయాడు. వెళ్లేముందు ఆ పిల్ల ఫోనైనా చెయ్యలేదు. ఫెయిత్‌ని క్రమశిక్షణ కమిటీ ముందు నిలబెట్టారు. మొదటి తప్పు, పైగా మంచి మార్కులు. అందుకని ఆగస్టు నుంచి మరుసటి జూలై దాకా, ఏడాదిపాటు ప్రొబేషన్‌లో పెట్టారు.

ప్రొబేషన్ అంటే ఏమిటో ఆమెకు హైమవతి మేడమ్ చెప్పింది. ఆవిడ కెమిస్ట్రీ లెక్చరర్, రాజమండ్రి మనిషి. క్లాసులో తెలుగు పిల్లలతో కూడా ఇంగ్లీషే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం గది తలుపు దగ్గరికి వేసి తెలుగులో మాట్లాడింది.

"చూడమ్మాయ్, నీకు శిక్ష తప్పిందనుకోకు. శిక్ష రాసేసి సొరుగులో పెట్టారు, అంతే. ఏడాది బుద్ధిగా ఉన్నావా, ఆ కాగితం సొరుగులోనే ఉండిపోద్ది. మధ్యలో ఏ చిన్న తేడా వచ్చినా తీసి అమలు చేసేత్తారు. మళ్లీ మొదట్నించీ విచారణా అదీ ఏమీ ఉండదు."

ప్రతి సోమవారం పదింటికి ఆఫీసులో సంతకం పెట్టాలి. పదిన్నర దాటితే ఆ వారం రానట్టే. క్లాసులు మానకూడదు. సంఘాలు, ఎన్నికలు, టూర్లు, పోటీలు, వీటిల్లో వేటిలోనూ పేరుండకూడదు. నెలకోసారి హైమవతి మేడమ్ ఆమె నడవడి మీద రిపోర్టు రాస్తుంది. ఇంకోసారి తప్పు చేస్తే కాలేజీ తీసుకునే నిర్ణయాన్ని ప్రశ్నించబోమని తల్లిదండ్రులు రాసివ్వాలి.

"అర్థమైందా?"

"జీ మేడమ్," అంది ఫెయిత్.

హామీ పత్రాన్ని నాన్న పౌలురాజు రెండుసార్లు చదివి సంతకం చేశాడు. వసంతకుమారి చదవకుండానే చేసింది. అప్పటికే ఆసుపత్రిలో ఆమెకు మెమో ఇచ్చి, ఓపీ తాళాలు తీసుకుని, సర్జికల్ వార్డుకి మార్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమెకు అదే మొదటి మెమో. కూతుర్ని ఆమె తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఇస్త్రీకి వేసేది, అవసరమైన మాట చెప్పేది. సరోజినీ నగర్ క్వార్టర్లో రెండు గదులు. ఆ రెండు గదుల్లో తల్లీకూతుళ్లు ఒకరికొకరు తగలకుండా తిరగడం నేర్చుకున్నారు.

ఫెయిత్‌కి ఏడుపు రాలేదు. మొదట్లో రాత్రి పడుకున్నాక వస్తుందేమోనని చూసేది. తర్వాత చూడటం కూడా మానేసింది. ఊరి చుట్టూ తిరిగే ముద్రిక బస్సులో కాలేజీకి వెళ్లడం, ల్యాబులో కొలిచి పోయడం, నోట్సు రాసుకోవడం, అన్నీ సరిగ్గానే జరిగేవి. పంటికి మత్తుసూది వేశాక పెదవిని వేలితో తాకితే ఎవరి పెదవినో తాకినట్టుంటుంది. ఆమెకు రోజంతా అలాగే ఉండేది.

సోమవారాలు ఆఫీసులో హెడ్ క్లర్కు పద్మనాభం రిజిస్టరు తెరిచి పెట్టేవాడు. ర్యాగింగ్ కేసులో ఇద్దరు సీనియర్లు, పరీక్షలో చిట్టీ పట్టుబడిన ఒకమ్మాయి, ఫెయిత్. నలుగురూ వరసలో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సంతకాలు పెట్టి వెళ్లిపోయేవారు. పదిన్నర కాగానే పద్మనాభం స్కేలు పెట్టి ఎర్రగీత గీసేవాడు.

జనవరిలో ఒక రోజు, క్యాంటీన్ వెనక ఎండలో కూర్చున్న ఫెయిత్ దగ్గరికి సన్నగా ఉన్న ఒకమ్మాయి వచ్చి నిలబడింది. పేరు శరణ్య, మొదటి సంవత్సరం. ఊరు కరీంనగర్. లక్ష్మీ నగర్‌లో పీజీలో ఉంటోంది.

"అక్కా, నువ్వు మెడికల్ సర్టిఫికెట్ చేసిస్తవంట గద."

"ఎవరు చెప్పారు?"

"అందరంటున్నరు."

కోపం రావాల్సిన చోటు అది. ఫెయిత్ ఒక్క క్షణం ఆగింది. ఏమీ రాలేదు.

"నేను చెయ్యను," అని చెప్పి పుస్తకాలు తీసుకుని లేచింది.

మెట్లెక్కి రెండో అంతస్తు నుంచి కిందికి చూస్తే శరణ్య ఇంకా మొదటి మెట్ల వరస మధ్యలోనే కూర్చుని ఉంది. కాసేపటికి లేచి, నాలుగు మెట్లెక్కి, మళ్లీ గోడకానుకుని కూర్చుంది. నర్సు కూతురు కావడం వల్లనో ఏమో, ఫెయిత్ తెలియకుండానే ఆమె ఊపిరి లెక్కపెట్టింది. దిగి వెళ్లింది.

"బుఖార్ ఎప్పట్నించి?"

"దీపావళి సంది. పొద్దుగూకంగనే వస్తది. దగ్గు బందయితలేదు."

"డాక్టర్‌కి చూపించలేదా?"

"పీజీ ఆంటీకి ఎరుకైతే వెళ్లగొడ్తది అక్కా. ఇంట్ల ఎరుకైతే చదువు బందు జేసి తీస్కపోతరు. నాకు హిందీ గూడ మంచిగ రాదు."

ఆ సాయంత్రం వంటింట్లో బఠానీలు ఒలుస్తున్న తల్లి పక్కన నిలబడి, అయిదు నెలల తర్వాత ఫెయిత్ తన హిందీ కలిసిన తెలుగులో తనంతట తాను మాట్లాడింది.

"మమ్మీ, కాలేజ్‌లో ఒక లడ్కీ ఉంది. రోజూ షామ్‌కి బుఖార్. మెట్లెక్కలేకపోతోంది."

వసంతకుమారి చేతులు ఆగలేదు. "సన్న జొరమా? చిక్కిపోయిందా?"

"హాఁ."

"సోమారం తీసుకురా. చెస్టు క్లినిక్ ఆ ఒక్కరోజే. తొమ్మిదింటికల్లా కార్డు తియ్యాల." అని, అప్పుడు చేతులాపింది. "సోమారం నీకు సంతకం ఉందిగా."

"ఉంది."

"అయితే ఆ పిల్లనొక్కదాన్నే పంపు. నేను గేటు కాడ ఉంటా."

ఫెయిత్ సరేనంది. కానీ సోమవారం పొద్దున ఏడింటికి పొగమంచులో లక్ష్మీ నగర్ బస్సెక్కింది. ధైర్యం చేస్తున్నానని గాని, తప్పు చేస్తున్నానని గాని ఆమెకు అనిపించలేదు. ఆ పిల్ల ఒక్కతే రెండు బస్సులు మారలేదు, అంతే. శరణ్యను తీసుకుని ఆసుపత్రికి చేరి కార్డు తీసి, ఎక్స్‌రే వరసలో నిలబడేసరికి పది కావస్తోంది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి కాలేజీకి ఫోన్ చేసింది.

"ఫోన్లో సంతకం ఎట్లా పెడతావమ్మా?" అన్నాడు పద్మనాభం. కసురుకోలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు.

శరణ్యకు టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాలి, తగ్గిపోతుంది అన్నాడు డాక్టరు. రెండు నెలల సెలవుకు సర్టిఫికెట్ రాశాడు. వసంతకుమారి వార్డు నుంచి దిగివచ్చి, దాని మీద ఆయన ఎదుటే స్టాంపు వేయించి, కార్డు నంబరు తన చిన్న పుస్తకంలో రాసుకుంది.

వారం తిరక్కుండా కమిటీ పిలిచింది. అదే ఆసుపత్రి, అదే స్టాంపు, మధ్యలో అదే అమ్మాయి. పైగా ఒక సోమవారం ఎర్రగీత పైన ఆమె సంతకం లేదు. తల్లిని కూడా రమ్మన్నారు.

వసంతకుమారి డ్యూటీ దిగి తెల్లచీరతోనే వచ్చింది. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు ప్రొఫెసర్లు, చివర హైమవతి మేడమ్. మధ్యలో కూర్చున్నాయన సర్టిఫికెట్ పైకెత్తి, "ఇది కూడా మీ అమ్మాయి తయారు చేసిందేనా?" అని హిందీలో అడిగాడు.

వసంతకుమారి కూడా హిందీలోనే, తన బాపట్ల యాసతో చెప్పింది. "మొదటిది నా కూతురు చేసింది. దానికి నేను తలొంచుకున్నాను. ఇది డాక్టరు రాశాడు, స్టాంపు నేను వేయించాను. కార్డు నంబరు చెబుతాను, ఇక్కణ్ణుంచే ఫోన్ చెయ్యండి. ఆ పిల్ల ఎక్స్‌రే కూడా అక్కడే ఉంది. ఇంకో నెల ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్నే అడగండి."

ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలు పట్టింది. నంబరు సరిపోయింది. శరణ్య సెలవు ఒప్పుకున్నారు, పరీక్ష రాయనిస్తామన్నారు.

"మరి సోమవారం సంతకం?" అన్నాడు మధ్యలో కూర్చున్నాయన.

"దానికి కారణం ఇప్పుడే విన్నాం కదా సార్," అంది హైమవతి మేడమ్.

"కారణం మంచిదే. ముందుగా అనుమతి తీసుకోలేదు. షరతు తప్పింది."

పేరు కొట్టెయ్యలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు, అక్టోబరు ఆఖరు దాకా. బయటికొచ్చాక హైమవతి మేడమ్ ఫెయిత్ భుజం మీద చెయ్యి వేసి, "ఇంతటితో పోయింది, నయం," అంది. ఫెయిత్ తలూపింది. నయమో కాదో ఆమెకు తెలియలేదు.

బస్సులో తల్లీకూతుళ్లకు పక్కపక్క సీట్లు దొరికాయి. ఫ్లైఓవర్ పనుల దగ్గర బస్సు ఆగిపోయింది. వసంతకుమారి కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"ఆ రోజు ఎందుకు చేశావే?"

ఫెయిత్ ఆలోచించింది. అబద్ధం చెప్పాలన్నా ఏమీ దొరకలేదు.

"పతా నహీఁ మమ్మీ. మైథిలి అడిగింది. స్టాంపు అక్కడే ఉంది."

"అంతేనా?"

"అంతే."

తల్లి కిటికీ నుంచి ఇటు తిరిగింది. "ఎవరో బెదిరించారనుకున్నా. ఏ కుర్రోడి గొడవో అనుకున్నా. ఇన్ని నెలలూ ఎన్నో అనుకున్నా. అడిగితే ఏం చెబుతావోనని అడగలా. ఇంతేనా!"

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. బస్సు కదిలాక ఒడిలోని సంచి తీసి కూతురి ఒడిలో పెట్టి, సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఫెయిత్ ఆ సంచిని ఇంటిదాకా రెండు చేతులతో పట్టుకునే ఉంది.

శరణ్య పరీక్ష రాసి సెకండ్ క్లాసులో పాసైంది. జూలైలో మందుల కోర్సు ముగిసింది. వసంతకుమారికి ఓపీ తాళాలు మళ్లీ ఇవ్వలేదు, సర్జికల్ వార్డులోనే ఉండిపోయింది. మైథిలి నుంచి ఉత్తరం రాలేదు. నవంబరు మొదటి వారంలో కాలేజీ నుంచి రెండు లైన్ల కాగితం వచ్చింది, ప్రొబేషన్ ముగిసిందని. పౌలురాజు దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు.

"రేపు నాకు ఆఫ్," అంది వసంతకుమారి. "చలి మొదలైంది. మార్కెట్‌కి పోయి నీకో స్వెట్టర్ చూద్దాం."

"ఠీక్ హై," అంది ఫెయిత్. కంచం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నీలంది కావాలి మమ్మీ," అంది.