ఇట్లు, మీ సేవకుడు

ఎలీసబెతు టీచరుకు వివేచన వరం ఉందని సంఘంలో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఆవిడే చెప్పింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరై, పద్మారావు నగర్‌లో స్థిరపడిన మనిషి. ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే చాలు, మూడో "ప్రభువా" దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి గోధుమో, గోధుమల్లో మొలిచే గురుగు కలుపో తేల్చేస్తానంటుంది. స్త్రీల సమాజంలో నలభై రెండు మంది ఉన్నారు. ఆవిడ తల ఎటు ఊపితే వాళ్ల ఓట్లు అటు పోతాయి. అందుకని జూన్‌లో సంఘ కార్యదర్శి ఎన్నిక వచ్చేసరికి అందరి చూపూ ఆవిడ తల మీదే పడింది.

సంఘమంటే ఎంతో పెద్దదేం కాదు. రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఒక పాత రాతి చర్చి, రెండు వందల మంది సభ్యులు, ఆ రెండు వందల మందికీ తలా ఒక అభిప్రాయం.

పోటీలో ఇద్దరు నిలబడ్డారు. ఒకరు జకర్యా గారు. రైల్వేలో పార్సిళ్ల గుమస్తాగా చేసి రిటైరయ్యారు, ఆరేళ్లుగా కార్యదర్శి ఆయనే. ఆయన ప్రార్థన మొత్తం రెండు వాక్యాలు: "ప్రభువా, ఇచ్చినదానికి వందనాలు. ఇవ్వనిదానికి కూడా." జనం కళ్లు మూసుకునేలోపే ఆమేన్ అయిపోతుంది. ఇందులో గోధుమను వెతకాలన్నా గురుగును వెతకాలన్నా టీచరుకు మూడో "ప్రభువా" దొరికితేగా. పైగా ఒకసారి చర్చి వెనక గదిలో కుళాయి కట్టలేదని నలుగురిలో ఆవిణ్ణి మందలించారు. అంత సర్వీసు చేసిన టీచరును నలుగురిలో అలా అంటారా? ఆ మాటను ఆవిడ క్షమించింది గానీ మరిచిపోలేదు.

రెండోవాడు జెఫ్రీ. నలభై లోపు వయసు, పెళ్లిళ్లకు స్టేజీలు కట్టించే వ్యాపారం, మడత నలగని తెల్ల చొక్కా. పావుగంటకు తక్కువ ప్రార్థన చేయడు. గొంతు సరిగ్గా ఏడుపు దాకా వచ్చి అక్కడ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అతను ఒకరోజు టీచరింటికి వచ్చి, కుర్చీ ఉండగా కింద చాప మీద కూర్చుని, "అమ్మగారూ, మీరు మా సంఘానికి దెబోరా" అన్నాడు. దెబోరా అంటే ఇశ్రాయేలీయులకు న్యాయం తీర్చిన మహాతల్లి. ఇక టీచరు ఏ "ప్రభువా" కోసమూ ఆగలేదు. ఎన్నిక జరిగే ఆదివారం, ఆరాధన అయ్యాక తానే లేచి అతని పేరు ప్రతిపాదిస్తానని మాట ఇచ్చేసింది.

ఇక కార్డుల సంగతి. కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రతి ఒక్కరూ బుట్టలోంచి ఒక వాగ్దానపు కార్డు తీసుకోవడం మన చర్చిల్లో మామూలే. దాని మీద ఏ వచనం ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. జెఫ్రీ జనవరి దాకా ఆగలేక జూన్‌లోనే కార్డులు అచ్చు వేయించి పంచాడు. నున్నటి కాగితం, బంగారు అంచు. ఒక వైపు అతని ఫోటో. రెండో వైపు, ఆపద వస్తే నన్ను పిలువు, నేను నిన్ను విడిపిస్తానని దేవుడన్న వచనం. దాని కిందే, వేలెడు చోటు కూడా వదలకుండా, "ఇట్లు, మీ సేవకుడు, జెఫ్రీ" అని, ఆ కింద సెల్ నంబరు. రెండు వందల మందీ కార్డు పుచ్చుకున్నారు. పాస్టరు గారూ పుచ్చుకున్నారు. ఎవ్వరికీ ఏమీ అనిపించలేదు. ఎలీసబెతు టీచరైతే దాన్ని పరిశుద్ధ గ్రంథంలో భద్రంగా పెట్టుకుంది.

టీచరు ప్రతి బుధవారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంది. ఏడుగురు ఆడవాళ్లు వస్తారు. వాళ్లలో బుచ్చమ్మది బజార్లో తోపుడు బండి మీద ఆకుకూరల వ్యాపారం. యాభై అయిదేళ్లకు అక్షరాలు పట్టుబడ్డాయి. అప్పట్నుంచి బస్సు మీద రాతైనా, గోడ మీద రాతైనా, మందు సీసా మీద రాతైనా ఆవిడ చేతిలో పడితే చదివించుకోకుండా బయటపడదు. ఎన్నికకు ముందు బుధవారం పాఠం పుస్తకం ఇంట్లో మరిచిపోయి, చదవడానికి గ్రంథంలోంచి ఈ కార్డే తీసి ఇచ్చింది టీచరు.

బుచ్చమ్మ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, వచనం దగ్గర మొదలుపెట్టి సెల్ నంబరు చివరి అంకె దాకా ఎక్కడా ఆగకుండా చదివేసింది.

"మంచిగున్నది టీచరమ్మా. అంటే ఆపదొస్తే గీ సారు విడిపిస్తడన్నట్టు."

"సారు కాదు బుచ్చమ్మా, దేవుడు. అది దేవుడిచ్చిన మాట."

"మరి దేవుని పేరేడున్నది?"

"పక్కన వచనం నంబరుంది కదా."

"గది నంబరాయె. కింద ఇట్లు అని సారు పేరున్నది. ఇట్లు కింద ఎవరి పేరుంటే మాట గాళ్లదే అని పోయిన బుధారం ఉత్తరం రాసుడు నేర్పంగ మీరే చెప్తిరి."

"అది ఉత్తరాల సంగతి" అని టీచరు గబగబా ఎక్కాలు మొదలుపెట్టింది. జవాబు తోచనప్పుడు ఎక్కాలు చెప్పించడం ఆవిడకు సర్వీసులో అలవాటైన పని. ఆ హడావుడిలో కార్డు బుచ్చమ్మ దగ్గరే ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే బుచ్చమ్మ టీచరింటి గేటు దగ్గర నిలబడి ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. రోడ్డుకు అడ్డమని మున్సిపాలిటీ వాళ్లు బజార్లో బండ్లన్నిటినీ లారీలో వాళ్ల యార్డుకు ఎత్తుకుపోయారట.

"తోటకూర, గోంగూర అన్ని అందుల్నే ఉన్నయ్ టీచరమ్మా. కూరలు పోతే పోనీ. బండి లేకుంటే నేనెట్ల బతకాలె? రాత్రి నుంచి ఒకటే పరేషాన్" అని ఏడ్చింది. టీచరు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి, కొంగు ముడి విప్పి కార్డు తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టేసింది.

"వందనాలు తల్లీ" అంది జెఫ్రీ గొంతు, తేనె పూసుకుని.

"సారూ, నేను బుచ్చమ్మను. నా బండి లారీల ఏసుకపోయిన్రు. ఆపదొస్తే విడిపిస్తనని రాసినవు కద. జెర విడిపించు సారూ."

"తప్పకుండా తల్లీ. మీ సభ్యత్వం నంబరు చెప్పండి."

"గదేందీ?"

"అదే, సంఘంలో ఓటు ఉంటుంది కదా."

"నాకేడిది సారూ. నేను పోచమ్మను మొక్కెటిదాన్ని."

"మీ కోసం ప్రార్థిస్తాను తల్లీ" అని ఫోను పెట్టేశాడు.

బుచ్చమ్మ ఫోనును తిప్పి తిప్పి చూసింది. "ప్రార్థిస్తడట. ఎవర్ని ప్రార్థిస్తడు టీచరమ్మా? విడిపించెటోడు ఆయననేనాయె."

టీచరుకు నవ్వు రాలేదు. తన ఫోను తీసి తానే చేసింది. జెఫ్రీ ఈసారి తల్లీ అనలేదు, అమ్మగారూ అన్నాడు. "ఆ ఆకుకూరలావిడ మీ మనిషా? ముందే చెప్పొద్దా అమ్మగారూ. ఆ యార్డులో ఆఫీసరు సుబ్బరాజు గారు నాకు బాగా తెలుసు. ఒక్క ఫోను చాలు."

"అయితే చెయ్యి నాయనా, పుణ్యముంటుంది."

"చేస్తాను. ఆదివారం మీరు నా పేరు ప్రతిపాదించగానే చేస్తాను. సోమవారం పొద్దున బండి బజార్లో ఉంటుంది."

"ఆ చేసేదేదో ఇవాళే చెయ్యొచ్చు కదా?"

"ఇవాళ చేసేస్తే ఆదివారం మీకు గుర్తుండొద్దా?" అని నవ్వాడు.

టీచరు అరుగు మీద కూలబడింది. ఈ నవ్వు ఆ పావుగంట ప్రార్థనల్లో ఎక్కడ దాక్కుందో ఆవిడకు అర్థం కాలేదు. సిగ్గేసింది, కోపమొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా భయం వేసింది. లేచి అతని పేరు చెబితే బండి వస్తుంది. చెప్పకపోతే ఎదురుగా కళ్లు తుడుచుకుంటున్న ఈ మనిషికి బతుకుతెరువు పోతుంది.

చేసేది లేక, మనసు చంపుకుని, బుచ్చమ్మను వెంటబెట్టుకుని బొల్లారంలో జకర్యా గారింటికి వెళ్లింది. ఆయన అంతా విని, "నాకక్కడ ఎవరూ తెలియదండి. పని అవుతుందని మాట ఇవ్వలేను" అన్నారు.

ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అని టీచరు మండిపడబోయింది. ఈలోపు ఆయన చెప్పులు వేసుకుంటున్నారు.

"అవదన్నారుగా. మరి చెప్పులెందుకండీ?"

"వెళ్లకపోతే అసలే అవదు కదండీ."

యార్డులో తిరుమల్ అనే గుమస్తా అర్జీ రాసి తెమ్మన్నాడు. టీచరు కలం తీసింది. "ఆవిడకు రాయడం వచ్చన్నారుగా" అని జకర్యా గారు ఆ కలాన్ని బుచ్చమ్మకు ఇప్పించారు. బుచ్చమ్మ ముప్పావు గంట చెమటోడ్చి ఆరు పంక్తులు రాసి, ఇట్లు అని పెట్టి, కింద తన పేరు రాసింది. అప్పటికి తిరుమల్ భోజనానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, సంతకం చేయాల్సిన సుబ్బరాజు గారు లేరన్నాడు. శనివారం వెళ్తే సోమవారం రమ్మన్నాడు. ఆ రెండు రోజులూ జకర్యా గారు ఎండలో నిలబడే ఉన్నారు. నోటి నుంచి ఒక్క తీపి మాట వస్తే ఒట్టు. మధ్యలో మాత్రం తన సీసాలో నీళ్లు కంచె సందులోంచి గోంగూర మీద చల్లారు. దప్పికతో ఉన్న టీచరు అది చూసి నాకూ కాసిని పోయొచ్చు కదా అనుకుంది గానీ, పైకి అనలేదు.

ఆదివారం వచ్చింది. బండి మాత్రం రాలేదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారు, "కార్యదర్శి పదవికి పేర్లు ప్రతిపాదించండి" అన్నారు. ముందు వరసలోంచి జెఫ్రీ వెనక్కి తిరిగి టీచరును చూసి చిరునవ్వు నవ్వాడు. నలభై రెండు తలలు ఆవిడ వైపు తిరిగాయి.

టీచరు లేచింది. ఇప్పుడు తాను నిజం చెబితే బుచ్చమ్మ బండి యార్డులోనే తుప్పు పట్టిపోవచ్చని ఆవిడకు తెలుసు. పక్కనున్న స్వర్ణలత చేతిలోంచి కార్డు తీసుకుని, వచనంతో మొదలుపెట్టి, ఇట్లు దగ్గర ఆగకుండా, జెఫ్రీ దగ్గర ఆగకుండా, నంబరు చివరి అంకె దాకా బుచ్చమ్మ చదివినట్టే చదివింది. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు ఆమేన్ అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈ మాట ఎవరిది?" అని టీచరు క్లాసులో అడిగినట్టు అడిగింది.

"దేవునిది" అన్నారందరూ.

"కింద పెట్టిన పేరెవరిది?"

కార్డులున్నవాళ్లు తిప్పి చూసుకున్నారు. జెఫ్రీ తల తిప్పేసుకున్నాడు.

"నాకు వివేచన వరం ఉందని మీతో చెప్పాను. లేదు. ఈ కార్డు వారం రోజులు నా గ్రంథంలోనే ఉంది. నాకు కనబడలేదు. మొన్న మొన్న అక్షరాలు నేర్చుకున్న బుచ్చమ్మకు కనబడింది. ఆపదలో ఉండి ఆవిడ ఈ నంబరుకు ఫోను చేస్తే, ఓటుందా అని అడిగారు. నేను ఈయన పేరు ప్రతిపాదించడం లేదు."

"మరి మేమెవరికి వెయ్యాలి టీచర్?" అంది స్వర్ణలత, దిక్కుతోచక.

"నన్నడక్కండి. మీ అందరికీ చదవడం వచ్చు" అని టీచరు కూర్చుంది. ఆ మాట అనడానికి ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది.

జెఫ్రీ పేరును అతని బావమరిది ప్రతిపాదించాడు. జకర్యా గారి పేరును ఎవరో వెనక వరస నుంచి చెప్పారు. జెఫ్రీ లేచి ఇరవై నిమిషాలు కన్నీళ్లతో ప్రార్థించాడు. జకర్యా గారు, "వెయ్యకపోయినా ఏమీ అనుకోను. రేపు పొద్దున నాకు పనుంది" అని కూర్చున్నారు. తొమ్మిది ఓట్ల తేడాతో ఆయనే గెలిచారు. నలభై రెండు ఓట్లలో ఎన్ని ఎటు పోయాయో ఎవరూ టీచరుకు చెప్పలేదు. అది ఆవిడకు కొంచెం కష్టంగానే ఉంది.

సోమవారం ముగ్గురూ మళ్లీ యార్డుకు వెళ్లారు. సుబ్బరాజు సీట్లోనే ఉన్నాడు. అర్జీ పట్టుకుని తెల్ల జుట్టు జకర్యా గారిని ఎగాదిగా చూసి, "మీరెవరు? ఏదైనా పదవిలో ఉన్నారా?" అని అడిగాడు.

సంఘ కార్యదర్శి గారండీ అని చెప్పబోయి టీచరు నోరు తెరిచింది. పదవి పేరు చెబితే పని త్వరగా అవుతుందని ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"లేదండి. ఈవిడ దగ్గర ఆకుకూరలు కొంటాను" అన్నారు జకర్యా గారు.

సుబ్బరాజు అర్జీ మొత్తం చదివాడు. వంకర అక్షరాల ఆరు పంక్తులు, ఇట్లు, బుచ్చమ్మ. "ఇది నువ్వే రాసినవా?" అని ఆవిణ్ణి అడిగి, సంతకం చేసి ఇచ్చాడు.

కూరలన్నీ కుళ్లిపోయాయి. ముందు చక్రం వంకర పోయింది. బండి ఎడమకు లాగుతుంటే బుచ్చమ్మ ఒక పక్క, జకర్యా గారు ఒక పక్క పట్టుకుని ట్రాఫిక్‌లో నెడుతున్నారు. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. ఎలీసబెతు టీచరు ఆఫీసులో తెరిచిన నోరు ఇప్పటికి మూసుకుని, చీర కొంగు బొడ్లో దోపుకుని, వెనక నుంచి బండికి చెయ్యి వేసింది.