జిమ్మీ కుడుములు

మా కుక్క జిమ్మీ పీపాలా తయారైందని అమలాపురం పశువుల డాక్టరు దానికి ఉప్పూ తీపీ మానిపించాడు. అందుకని రాగిపిండిలో గుమ్మడికాయ, కొబ్బరికోరు కలిపి చప్పటి కుడుములు ఉడికించాను.

మా మామగారు శరభయ్యగారు వేదపండితులు. పొయ్యి దిగిన ఏ పిండివంటనైనా దేవుడికి చూపించందే ఊరుకోరు. ఎవరికి చేశావని నన్నొక మాట అడిగితే ఆయన సొమ్మేం పోతుంది? నేను పెరట్లోకి వెళ్ళొచ్చేసరికి కుడుములన్నీ నైవేద్యం పెట్టేసి, పాఠానికొచ్చిన శిష్యులకు పంచేసి, తనూ రెండు తిన్నారు.

"ప్రసాదం ఇంత చప్పగా ఉందేంటమ్మా?" అన్నారు.

"అవి జిమ్మీకి చేసినవండీ మావయ్యగారూ!" అని అరిచాను.

శిష్యులు నమలడం ఆపేశారు. మామగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించారు.

"నెమ్మదిగా అనమ్మా. దేవుడి గది తలుపు తీసే ఉంది."