చీకట్లో తీసిన నాన్న ఫొటో

మా నాన్న తన సెలూన్‌లో అద్దాలన్నిటికీ తువ్వాళ్లు కప్పేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. కటింగ్ చేసే మనిషి అద్దాలు మూసేయడమంటే వంటమనిషి పొయ్యి ఆర్పేసి గరిటె పట్టుకోవడమే కదా. ఆ మాట మొహం మీదే అనేశాను. నాకు ఈ నోరు అమ్మ నుంచి వచ్చింది. ఆవిడ బస్సు కండక్టరు. డ్రైవరు పక్కన నిలబడి మాట్లాడితే చివరి సీటులో నిద్రపోయేవాళ్లు లేచి టికెట్టు తీసుకుంటారు.

నాన్నకి ఆ మధ్య మొహానికి ఒక పక్క పక్షవాతం వచ్చింది. మందులు వాడాడు, రోజూ బుగ్గలు పూరించి వదిలే వ్యాయామాలు చేశాడు. కన్ను మళ్లీ మూతపడుతోంది, మాట తిన్నగా వస్తోంది. పెదవి ఎడమ కొస మాత్రం కిందికి వాలి అలాగే ఉండిపోయింది. ఇక దానితో సర్దుకుపోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. మామూలుగా కూర్చుంటే ఎవరికీ తెలియదు. నవ్వితేనే మొహమంతా కుడి పక్కకి పరుగెత్తుతుంది. అందుకని నాన్న నవ్వడం మానేశాడు. ఆయన దగ్గరికి సగం మంది జుట్టు పెరగకపోయినా కబుర్ల కోసమే వచ్చేవాళ్లు, అలాంటి మనిషి.

ఇంట్లో అయితే అద్దం చూడకుండా రోజు గడిపేయొచ్చు. సెలూన్‌లో కుదరదు. కుర్చీలో కూర్చున్నవాళ్ల తలకి సరిగ్గా పైన, అద్దంలో, కత్తెర పట్టుకున్నవాడి మొహం పొద్దస్తమానం కనబడుతూనే ఉంటుంది. అందుకే ఆ తువ్వాళ్లు. ఆ ఏర్పాటుతో ఒక్క పూట పని చేశాడు. చెవుల ముందు జుట్టు రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో ఎవరైనా అద్దంలోనే చూసుకోవాలి. నాన్న చూసుకోలేదు. ఆ పూట వచ్చిన మా ఊరి పోస్ట్‌మాన్‌కి ఒక పక్క జుట్టు చెవి తమ్మె దాకా దిగింది, రెండో పక్క చెవి పైనే ఆగిపోయింది. పాపం, ఆ మంచి మనిషి ఏమీ అనలేదు. కానీ గడపగడపకీ తిరిగే ఉద్యోగం, సాయంత్రానికల్లా ఊరంతా చూసేసింది. నాన్న దుకాణం మూసి ఇంటికొచ్చి, నెలాఖరుకి ఖాళీ చేసేస్తానని దుకాణం అద్దెకిచ్చిన యజమానికి కబురు పంపాడు.

అమ్మ బతిమాలింది, అరిచింది, అలిగింది. నేనూ అరిచాను. కత్తెర వదిలేస్తే ఈయనకి మిగిలేది మంచమూ గోడా మాత్రమేనని మా ఇద్దరికీ తెలుసు. భయంగా ఉండేది.

నా పని ఫొటోలు తీయడం. స్టూడియోలో పగలంతా పాస్‌పోర్టు ఫొటోలే. నవ్వకూడదు, తల వంచకూడదు, చెవులు రెండూ కనబడాలి, వెనక తెల్ల గోడ. అలా వరసగా కూర్చోబెట్టి తీస్తుంటే మనుషులందరూ ఒకరికొకరు తోబుట్టువుల్లా తయారవుతారు. ఆ విసుగంతా సెలవు రోజున ఇంట్లో తీర్చుకుంటాను. పాత ఫిల్మ్ కెమెరా ఒకటి ఉంది. ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు తీస్తాను, కదిలేవాళ్లని కదులుతుండగానే తీస్తాను. ఒకసారి పిన్నిని కూర్చోబెడితే, తీస్తున్నంతసేపూ వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది. ఆ ఫొటోలో పిన్ని కంటే పిన్ని కోపం బాగా పడింది. ఆవిడ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. నాన్న వీటన్నిటికీ కలిపి దయ్యాల ఫొటోలని పేరు పెట్టాడు.

ఆ ఆదివారం నాన్న దగ్గర కూర్చుని, దుకాణం ఎలాగూ వదిలేస్తున్నావు కాబట్టి నీ చేతులనైనా ఒక ఫొటోలో దాచుకోనివ్వమన్నాను. మొహం అక్కర్లేదన్నాను. ఎలా తీస్తానో చెప్పాను. గది అంతా చీకటి చేసి, కెమెరా కన్ను తెరిచి వదిలేస్తాను. చీకట్లో దానికి ఏమీ కనబడదు. టార్చి వెలుగు ఎక్కడ పడితే అది మాత్రమే ఫిల్మ్ మీదికి ఎక్కుతుంది. మిగతాదంతా లేనట్టే.

నాన్న నా వైపు తిరిగాడు. "టార్చి ఎవరి చేతిలో ఉంటుంది?"

"నీ చేతిలోనే. నువ్వు ఏది చూపిస్తే అదే పడుతుంది. నీ మొహం నువ్వు చూపిస్తే తప్ప రాదు, మాటిస్తున్నా."

అమ్మ డ్యూటీకి వెళ్లింది. కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపు కింద సందులో చొక్కాలు కుక్కి, పట్టపగలు గదిని బొగ్గులా చేశాను. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో కత్తెర. ముందు వేళ్ల మీద వెలుగు పడనిచ్చాడు. తర్వాత గాల్లో ఎవరి జుట్టో ఉన్నట్టు కత్తెర ఆడించాడు. ఆ టకటక విని ఎన్నాళ్లయిందో! కళ్లు తుడుచుకున్నాను. చీకటి కాబట్టి సరిపోయింది.

చీకటి నాన్నకీ కలిసొచ్చింది. ఎవరూ చూడడం లేదన్న ధీమాతో నెమ్మదిగా కబుర్లలో పడ్డాడు. నడి నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలకి ఫలానా హీరో క్రాఫు కావాలని పట్టుబట్టిన లెక్చరరు సంగతి చెప్పాడు. మధ్యలో ఏమనుకున్నాడో, నేను అడక్కుండానే, టార్చిని తన కుడి చెంప మీదికి తిప్పుకున్నాడు. బాగున్న పక్క. పెదవులు బిగించి, గడ్డం ఎత్తి, కదలకుండా ఉండి, మళ్లీ ఆర్పేశాడు.

తర్వాత కథ పోస్ట్‌మాన్ జుట్టు దగ్గరికొచ్చింది. "వాడు అద్దం అడిగితే, బ్రహ్మాండంగా ఉంది వెళ్లిరా అన్నాన్రా అమ్మాయ్" అంటూ నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నగా మొదలై పొట్ట పట్టుకునేదాకా వెళ్లింది. నేనూ ఆగలేకపోయాను.

సరిగ్గా అప్పుడే తలుపు భళ్లున తెరుచుకుంది. "కరెంటు పోయిందా ఏంటి?" అంటూ డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ లైటు వేసింది. నేను పెట్టిన కేకకి అంతే వేగంగా ఆర్పేసింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. కెమెరా కన్ను ఇంకా తెరిచే ఉంది. ఆ ఒక్క క్షణం వెలుగులో గదిలో ఉన్నవన్నీ ఫిల్మ్ మీదికి ఎక్కేసి ఉంటాయి, తలుపు వైపు తిరిగి నవ్వుతున్న నాన్న మొహంతో సహా. మాటిచ్చి గంటైనా కాలేదు. ఫిల్మ్ పాడైపోయిందని చెప్పి పారేద్దామనుకున్నాను. కానీ నేను ఫొటో కడగడానికి స్నానాలగదిలో ఎర్రబల్బు పెట్టుకుని సామాను సర్దుకునేలోపే, నాన్న బక్కెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. చేతులు ఎలా వచ్చాయో చూడాలట. చిన్నపిల్లాడిలా ఉన్నాడు, పొమ్మనలేకపోయాను. అమ్మ మా వెనక నిలబడి, నా మీద అరిచావు కదూ అని గొణుగుతూనే ఉంది.

ఫిల్మ్ కడిగి, ఆరాక, దాని మీది బొమ్మ ఎక్కించిన కాగితాన్ని మందు నీళ్ల ట్రేలో ముంచాను. ముందు చీకటి తేలింది. చీకటి మధ్య తెల్లగా మిగిలినవి నాన్న వేళ్లు, కత్తెర తిరిగిన దారులు. ఓహో అన్నాడు నాన్న. తర్వాత కుడి చెంప తేలింది, బిగించిన పెదవులతో. దాన్ని ఆనుకునే ఇంకో మొహం రావడం మొదలైంది. నోరంతా ఒక పక్కకి లాగేసి, కళ్లు చికిలించి, నవ్వు ఊపుకి కొంచెం చెదిరి, పూర్తి మొహం. దూరంగా తలుపులో సంచీతో అమ్మ మసగ్గా ఉంది.

నాన్న వంగి, ముక్కు మందు నీళ్లకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా చూశాడు. ఈ మొహాన్ని ఆయన ఇంతసేపు చూడడం ఇదే మొదలు. మెల్లగా అడిగాడు, "నవ్వితే ఇలా ఉంటానా?"

అమ్మ నా భుజం మీది నుంచి తొంగిచూసి, బిగిసిన చెంప మీదికి వేలు చూపించింది.

"ఇదెవరో ఆఫీసు గోడ మీద దండ వేసిన పెద్దమనిషిలా ఉన్నాడు, నాకు తెలియదు." వేలు పక్కకి జరిపింది. "ఇది మీరు. నేను చేసుకున్నది ఈయన్నే."

అమ్మ గొంతు ఇంత చిన్నగా కూడా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. నాన్న ఆవిడ వైపు తిరిగాడు. పెదవి కుడి పక్కకి వెళ్లింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

దుకాణం మాట ఆ రాత్రి ఎవరం ఎత్తలేదు. నాకు ఆశా ఉంది, భయమూ ఉంది. పొద్దున్న లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. కెమెరా భుజాన వేసుకుని సెలూన్‌కి పరుగెత్తాను. తలుపులు తెరిచి ఉన్నాయి. తువ్వాళ్లు ఉతికి బయట తీగ మీద ఆరేసి ఉన్నాయి. కుర్చీలో పోస్ట్‌మాన్ కూర్చున్నాడు, చెవుల ముందు జుట్టు సరిచేయించుకోవడానికి. ఈ మనిషి మంచితనానికి ఎక్కడైనా విగ్రహం పెట్టాలి. నాన్న కత్తెర ఆడిస్తూ ఏదో చెబుతున్నాడు, పోస్ట్‌మాన్ మెడకి కట్టిన గుడ్డలో ఎగిరెగిరి పడుతున్నాడు.

ఇంత మంచి సమయం మళ్లీ దొరకదని, వాళ్లిద్దరి మొహాలూ ఎదురుగా పట్టాలని, గబగబా వెళ్లి కుర్చీకి ముందు, గోడకి వీపు ఆనించి నిలబడి కెమెరా ఎత్తాను.

నాన్న కత్తెర ఆపి కసురుకున్నాడు.

"అడ్డు లేమ్మా, అద్దం కనబడట్లేదు."