చీల ఊడిన శిరస్త్రాణం

పోటీకి ముందురోజు సాయంత్రం, హఫీజ్‌పేట్ స్టేషన్ వెనకున్న రేకుల షెడ్డులో భవాని తన శిరస్త్రాణం తీసి బల్ల మీద పెట్టింది. దాని ఎడమ చెంప దగ్గరున్న ఇనుప చీలను వేలితో కదిపి చూపించింది.

"అక్కా, ఇది లూజైతున్నది. తల జోరుగ తిప్పితే కదులుతున్నది. బోల్టు పెట్టి నట్టు బిగించరాదు?"

ఉమాశ్రీ చేతిలో పని ఆపి చూసింది. ఆ శిరస్త్రాణం ఆమె చేసిందే. మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఆమె ఉద్యోగం. ఒకసారి సహోద్యోగితో కలిసి పాతబస్తీలో వాళ్ళ నానమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు, గోడకు వేలాడుతున్న ఇనుప శిరస్త్రాణం ఒకటి కనిపించింది. బోర్లించిన గిన్నెలాంటి టోపీ, దాని కింద మెడ చుట్టూ దిగే ఇనుప వలయాల అల్లిక, ముందు రెండు కంటి చీలికలున్న మొహం రేకు. తమ పూర్వీకుడెవరో గోల్కొండ సైన్యంలో పనిచేశాడని ఆ ఇంటివాళ్ళు చెప్పుకుంటారు. అది నిజమో కాదో తేల్చే ఆధారం ఏదీ లేదు. కానీ ఆ వస్తువు ఉమాశ్రీని వదల్లేదు. కొలతలు తీసుకుంది, ఫొటోలు తీసుకుంది, దక్కను చిత్రాల్లో సిపాయిల బొమ్మలన్నీ వెతికింది, రేకు సాగగొట్టడం నేర్చుకుంది. వేళ్ళు కాల్చుకుంది. చెడగొట్టి మళ్ళీ చేసింది. నాలుగేళ్ళకి అలాంటివి ఆరు తయారయ్యాయి. వాటిని తొడుక్కుని, అంచులు మొద్దు చేసిన ఆయుధాలతో నిజంగానే పోరాడే చిన్న బృందం కూడా తయారైంది.

మొహం రేకు నుదుటి దగ్గర కొక్కేనికి వేలాడుతుంది. రెండు చెంపల దగ్గరా ఒక్కో చీల దిగ్గొడితే కదలకుండా నిలుస్తుంది.

"అసలుదానికి నట్టు లేదు భవానీ," అంది ఉమాశ్రీ. "బోల్టు పెడితే అది మన హెల్మెట్ అవుతుంది. వాళ్ళది అవదు."

"తొడుక్కునేది నేను గదా."

ఉమాశ్రీ సుత్తి తీసుకుని చీలను ఇంకాస్త లోపలికి కొట్టింది. ఇప్పుడు కదలడం లేదు చూడమంది. భవాని చూడలేదు. శిరస్త్రాణం సంచిలో పెట్టుకుని, డ్యూటీకి వేళైందని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె రాయదుర్గంలో ఓ టెక్ పార్కులో మహిళా గార్డుల టీముకు లీడర్. సిద్దిపేట వైపు అమ్మాయి, ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడింది. బృందంలో ఆమెను కిందపడేసిన వాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆఫీసులో ఎవరైనా ఒక లోపం ఉందంటే ఉమాశ్రీ ముందు నమ్ముతుంది, తర్వాతే పరీక్షిస్తుంది. ఆ రోజు షెడ్డులో మాత్రం అలా చేయలేదన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు పోటీ నానక్‌రామ్‌గూడలో, నాలుగు గాజు భవనాల నడుమ ఉన్న పచ్చికలో. అక్కడి కంపెనీల ఉద్యోగుల వేడుకలో అదొక భాగం. కానీ బృందానికి అది వేడుక కాదు. పుణెలో జరగబోయే కవచ పోరాటాల మేళాకు ఎవరెవరు వెళ్ళాలో అక్కడే తేలుతుంది. ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. నేల మీద పడినవాళ్ళు ఓడినట్టు. చివరికి నిలబడ్డ జట్టు వెళ్తుంది. ఉమాశ్రీ జట్టులో శివ ఉన్నాడు. ఆరడుగుల మనిషి, పొడుగు పిడి ఉన్న గండ్రగొడ్డలి పడతాడు. ఎదుటి జట్టుకు భవాని నాయకురాలు. షెడ్డు యజమాని, అందరికీ దెబ్బలు నేర్పిన భాస్కర్ ఆ రోజు రెఫరీ. ఎవరికైనా ఏదైనా తేడా వస్తే ఎడమ చెయ్యి పైకెత్తాలి, ఆయన పొడుగు కర్ర అడ్డంపెట్టి ఆట ఆపేస్తాడు. అది నియమం.

మొదలైన కాసేపటికే లెక్క తప్పింది. నిర్వాహకులు పిలిపించిన డప్పుల వాళ్ళు, పోటీ మొదలుకాగానే ఆపాల్సింది పోయి ఇంకా జోరు పెంచారు. ఆ మోత గాజు గోడలకు కొట్టుకుని రెట్టింపై తిరిగొస్తోంది. శిరస్త్రాణం లోపల ఉమాశ్రీకి తన ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. పడమటి ఎండ ఎదుటి భవనం అద్దాల మీద పడి నేరుగా కళ్ళల్లోకి వస్తోంది. దూది పెట్టి కుట్టిన అంగీ చెమటకు తడిసి బరువెక్కింది. కంటి చీలికలోంచి కనిపించేది బెత్తెడు లోకమే. ఆ బెత్తెడులో ఒక డాలు, ఒక భుజం, మెరిసే కత్తి.

ఇద్దరు పడ్డారు. మరొకరు పడ్డారు. భవాని ఒక్కతే మిగిలింది. ఇటు ఉమాశ్రీ, శివ.

ఇలాంటి అదను వస్తే ఏం చెయ్యాలో ఇద్దరూ ముందే అనుకున్నారు, షెడ్డులో చాలాసార్లు సాధన చేశారు కూడా. ఉమాశ్రీ ఎదురుగా వెళ్ళి భవాని కత్తిని తన డాలుతో అదిమి పట్టాలి. భవాని ఆ బిగువులో ఉండగా శివ ఆమె ఎడమవైపు నుంచి వచ్చి గొడ్డలితో తల మీద కొట్టాలి. ఆ దెబ్బకు ఎవరైనా తూలుతారు. తూలితే తోసెయ్యొచ్చు.

ఉమాశ్రీ ముందుకు దూకింది. అనుకున్నట్టే భవాని కత్తి డాలుకు తగిలి ఆగింది. ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టుకుంటున్నారు. మొహానికి మొహం జానెడు దూరం. అప్పుడు ఉమాశ్రీ చూసింది.

భవాని ఎడమ చెంప దగ్గర చీల లేదు. అది ఉండాల్సిన చోట ఖాళీ బెజ్జం. మొహం రేకు ఒక పక్క ఊడి, భవాని కదిలినప్పుడల్లా తలుపు రెక్కలా తెరుచుకుని మూసుకుంటోంది. తెరుచుకున్నప్పుడు లోపల చెమటలో తడిసిన చెంప, కణత, కన్ను. సరిగ్గా శివ దెబ్బ పడే వైపు.

భవానికి తెలియదు. తెలిసే వీలు లేదు. లోపలున్నవాళ్ళకు ఆ వేడిలో, ఆ మోతలో రేకు ఉందో లేదో తెలియదు.

చెయ్యెత్తుదామంటే ఎడమ చెయ్యి డాలు పట్టీలో ఇరుక్కుని ఉంది, డాలు భవాని కత్తి కింద ఉంది. "శివా, ఆగు," అని అరిచింది. ఆ అరుపు తన శిరస్త్రాణంలోనే తిరిగింది. భాస్కర్ కోసం చూసింది. ఆయన శివ వెనక ఎక్కడో ఉన్నాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని. కంటి చీలిక అంచున గొడ్డలి లేవడం కనిపించింది.

ఆలోచించడానికేమీ మిగల్లేదు. ఉమాశ్రీ కత్తి వదిలేసింది. కుడిచెయ్యి భవాని తల చుట్టూ వేసి, తన ముంజేతిని ఆ తెరుచుకున్న రేకు మీద ఆనించి, తలను గట్టిగా తన గుండెకు అదుముకుంది.

గొడ్డలి ఆ ముంజేతి మీద పడింది.

ముంజేతికి ఇనుప కవచం ఉంది. అయినా లోపల ఎముక విరగడం ఆమెకు తెలిసింది. నొప్పి కాసేపటికి గాని రాలేదు. ఈలోగా భవాని ఊరుకోలేదు. శత్రువు తల పట్టుకుంటే కబడ్డీ మనిషి చేసే పనే చేసింది. నడుం వంచి, ఉమాశ్రీని భుజం మీదుగా లేపి నేలకు కొట్టింది. తనూ పైన పడింది. ఆ విసురుకు మొహం రేకు కొక్కెంలోంచి ఊడి పచ్చికలోకి ఎగిరిపోయింది. ఇప్పుడు భవాని మొహం మొత్తం బయటికి వచ్చేసింది. ఆమె వెనక శివ గొడ్డలి రెండోసారి లేచింది. వెనక నుంచి చూస్తే అతనికి శిరస్త్రాణమే కనిపిస్తుంది. భవాని పడింది ఉమాశ్రీ మీద, నేల మీద కాదు, కాబట్టి అతని లెక్కలో ఆమె ఇంకా ఓడలేదు.

ఉమాశ్రీ విరగని చేతిని డాలు పట్టీలోంచి ఎలా లాగిందో ఆమెకే తెలియదు. ఆ చెయ్యి భవాని భుజం మీదుగా పైకి లేచింది, వేళ్ళన్నీ విప్పి.

భాస్కర్ కర్ర గొడ్డలి పిడికి అడ్డంపడింది. గొడ్డలి పక్కకు జారి పచ్చికలో దిగబడింది. డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. చుట్టూ ఉన్న జనం ఇదంతా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

భవాని కోపంగా లేచింది. "తలకాయ పట్టుకునుడేంది అక్కా, గిదేం ఆట..." అంటూ చెమట తుడుచుకోవడానికి చెయ్యి మొహం మీదకు తెచ్చి ఆగిపోయింది. వేళ్ళకు ఇనుము తగల్లేదు. చెంప తడుముకుంది, ముక్కు తడుముకుంది. పచ్చికలో పడి ఉన్న రేకును చూసింది. గొడ్డలిని చూసింది. తర్వాత ఉమాశ్రీ చేతిని.

శివ గొడ్డలి వదిలేసి అక్కడే కూలబడ్డాడు. తన శిరస్త్రాణం తీసి పక్కన పెట్టాడు.

దవాఖానకు వెళ్ళేలోగా ముంజేతి కవచం తియ్యాలి. చెయ్యి వాచిపోయి పట్టీలు లోపలికి దిగబడ్డాయి. భవాని మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పట్టీ కోసింది. ఆమె చేతులు నిదానంగా ఉన్నాయి. ఏడుస్తుందేమో, ఏదైనా అంటుందేమో అని ఉమాశ్రీ ఎదురుచూసింది. చివరి పట్టీ తెగాక భవాని తలెత్తకుండానే అంది.

"నిన్న చెప్పిన గదా అక్కా."

ఉమాశ్రీని కారెక్కించి, తలుపు వేసి, డ్యూటీకి వెళ్ళిపోయింది.

చేతికి ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ఇంట్లో తల్లి సుబ్బలక్ష్మి, ఈ పిచ్చి ఇక చాలని మాత్రం అని, వారం రోజులు అన్నం కలిపి పెట్టింది. భాస్కర్ ఫోన్ చేసి, పుణెకు ఎవరు వెళ్ళాలో తర్వాత చూసుకుందామన్నాడు. భవాని షెడ్డుకు రావడం లేదని కూడా చెప్పాడు. ఉమాశ్రీ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. నొప్పికి నిద్రపట్టని వేళల్లో ఆమెను వేధించింది చెయ్యి కాదు. చీల లేని ఆ బెజ్జం, దాని వెనక కన్ను. ఆ దెబ్బకు దారి చేసి ఇచ్చింది తనే. కత్తిని అదిమి పట్టిందీ తనే, నట్టు వద్దందీ తనే.

కొంచెం తిరగగలిగాక పాతబస్తీకి వెళ్ళింది. సహోద్యోగి వాళ్ళ నానమ్మ, ఆ ఇంటి పెద్దావిడ, కట్టుకట్టిన చెయ్యి చూసి ఏమీ అడక్కుండా, గోడ మీది శిరస్త్రాణం దింపించి కిటికీ దగ్గర పెట్టించింది. ఉమాశ్రీ దాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. కానీ ప్రతిసారీ అందమే చూసింది, కొలతలే చూసింది. ఈసారి తొడుక్కునే మనిషిలా చూసింది. ఈ రేకు నా మొహం మీద ఉంటే, ఈ చీల ఊడితే, నన్ను ఏది కాపాడుతుంది?

చీల బెజ్జానికి కొంచెం కింద తుప్పు తిన్న మచ్చ ఉంది. రెండోవైపు కూడా సరిగ్గా అక్కడే. తుప్పు రెండు వైపులా ఒకేచోట తినదు. పెద్దావిడ అనుమతి అడిగి, సూదితో ఆ మచ్చను మెల్లగా గుచ్చింది. తుప్పు పొడి రాలింది. సూది అటు పక్కకు దిగింది. వేలు లోపలికి పెట్టి తడిమితే బెజ్జం అంచు నున్నగా అరిగి ఉంది, తాడు ఒరుసుకుంటే అరిగినట్టు. రేకును టోపీకి కలిపి కట్టే తాడు. చీల ఊడినా రేకు ఊడకుండా.

ఆమె ఫొటోల్లో ఆ మచ్చ ఎప్పుడూ ఉంది. దాన్ని తుప్పు అనుకుని, తను చేసిన ఆరింటిలోనూ వదిలేసింది.

అక్కణ్ణుంచి నేరుగా రాయదుర్గం వెళ్ళింది. భవాని గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే చోట నిలబడి ఉంది. విరామం దొరికేదాకా ఉమాశ్రీ ఆగింది. తర్వాత పార్కింగు పక్కన అరుగు మీద కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పింది. తను పాతవాళ్ళు చేసినట్టే చేశానని మొండికేశానని, నిజానికి వాళ్ళు చేసింది తను సరిగా చూడనే లేదని చెప్పింది.

భవాని మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంది.

"అంటే ఆళ్ళకు గూడ భయముండె," అంది.

"ఉండే ఉంటుంది. నాకే లేకపోయింది. మొహం నాది కాదుగా."

"తాడు కట్టినంక కూడ నేను వద్దంటే?"

"వద్దంటే వద్దు. పక్కన పెట్టేద్దాం."

"నా ఒక్కదానికే గాదు. ఎవరు తొడుక్కుంటరో ఆళ్ళ మాటే ఆఖరు. షెడ్డుల అందరి ముందట చెప్పాలె నువ్వు."

ఉమాశ్రీ చెప్పింది. ఆ ఆదివారం, శివ, భాస్కర్, మిగతావాళ్ళు వింటుండగా, తన తప్పు ఏమిటో కూడా కలిపి. ఎవరూ అడ్డురాలేదు. ఆ తర్వాత ఆరు శిరస్త్రాణాలకూ బెజ్జాలు వేశారు. ఒక చేత్తో ఇంకేమీ చెయ్యలేక ఉమాశ్రీ గుర్తులు పెట్టింది, భాస్కర్ డ్రిల్లు పట్టాడు. తోలు తాళ్ళు భవాని తనే కట్టింది. ఒకదాన్ని గుంజకు తగిలించి, చీలలు కావాలనే తీసేసి, కొట్టమని శివను పిలిచింది. అతను మొదట వెనకాడాడు. తర్వాత అలిసిపోయేదాకా కొట్టాడు. రేకు సొట్టలు పడింది గాని ఊడలేదు.

పోటీ మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఎవరు వెళ్ళాలో భాస్కరే తేల్చాడు. పుణెకు భవాని జట్టుతో శివ కూడా వెళ్ళాడు. ఉమాశ్రీ వెళ్ళింది, పోరాడటానికి కాదు. బరి చుట్టూ గీసిన గీత అవతల నిలబడి చూడటం తొడుక్కుని లోపల ఉండటం కంటే కష్టమని అక్కడ తెలిసింది. భవాని మొహం మీద పడ్డ ప్రతి దెబ్బకూ ఆమె కళ్ళు ఆ తోలు తాళ్ళ వైపే పోయాయి. మొదటి పోరు గెలిచారు. రెండోదాంట్లో ఢిల్లీ జట్టు చేతిలో ఓడిపోయారు, అదీ చివరిదాకా నిలబడి.

భవాని గీత దాటి వచ్చి శిరస్త్రాణం తీసింది. మొహం ఎర్రగా కంది ఉంది. ముక్కు మీద చెమట తప్ప ఇంకేమీ లేదు. ఉమాశ్రీ ఆ మొహాన్ని ఇటూ అటూ చూస్తుంటే, భవాని శిరస్త్రాణాన్ని ఆమె మంచి చేతిలో పెట్టి, నీళ్ళెక్కడున్నాయని అడిగి ఆ వైపు నడిచింది. శిరస్త్రాణం లోపల ఇంకా వేడిగా ఉంది.